బ్యాటరీ గిటార్ ఆంప్లిఫయర్ – కొనే ముందు వేయవలసిన లెక్కలు

(వసతి గృహ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్)



మన సాంఘిక సంక్షేమ వసతి గృహాలలో పాటకు కొదవ లేదు. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికైనా, హాస్టల్ డేకైనా, ఊళ్ళో క్రిస్మస్ కేరల్స్‌కైనా పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు మనలోనే ఉంటారు. ఈ మధ్య డప్పు, డోలక్ పక్కన గిటారు కూడా వచ్చి చేరింది. చర్చిలో నేర్చుకున్నవారు కొందరు, సీనియర్ల దగ్గర చూసి నేర్చుకున్నవారు కొందరు. డప్పు కొడితే ఊరంతా వినిపిస్తుంది. గిటారు అలా కాదు. పదిమంది కలిసి చప్పట్లు కొడితే దాని శబ్దం మునిగిపోతుంది. ఎలక్ట్రిక్ గిటారైతే ఆంప్లిఫయర్ లేకుండా పక్కవాడికి కూడా సరిగా వినబడదు. పైగా మనం వాయించే చోట్ల ప్లగ్గు దొరకదు, దొరికినా కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్ కావాలని చాలామంది కోరుకుంటారు.

అయితే వేసవిలో కూలికి వెళ్ళి కూడబెట్టిన డబ్బుతో, లేదా నలుగురైదుగురు చందా వేసుకుని కొనే వస్తువు ఇది. ఒకసారి తప్పు పెట్టె కొంటే మళ్ళీ కొనడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మన ఇళ్ళలో ఇలాంటి వస్తువు ముందు కొన్నవారు ఉండరు కాబట్టి అడగడానికి షాపు వాడే దిక్కవుతాడు. అతను తన దగ్గర ఉన్నదే మంచిదంటాడు. ఇలాంటప్పుడు మనకు సలహా చెప్పగల పెద్దమనిషి ఫిజిక్స్ పుస్తకం. పదో తరగతిలో, ఇంటర్‌లో చదివిన నాలుగు సూత్రాలు చాలు. వాటిని ఈ పెట్టెకు ఎలా అన్వయించాలో ఈ వ్యాసంలో చూద్దాం.

గిటారు నుండి వచ్చేది ఎంత?

ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అది అయస్కాంతం మీద సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. పైనున్న ఉక్కు తీగ కంపిస్తే కాయిల్ గుండా వెళ్ళే అయస్కాంత అభివాహం మారుతుంది. మారితే కాయిల్‌లో విద్యుత్ పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. అలా పుట్టే వోల్టేజి సుమారు ఒక వోల్టులో పదో వంతు స్థాయిలో ఉంటుంది.

8 ఓమ్‌ల స్పీకరు 5 వాట్లతో మోగాలంటే ఎంత కావాలి? P = V²/R సూత్రం ప్రకారం V² = 5 × 8 = 40, అంటే V సుమారు 6.3 వోల్టులు. కరెంటు 0.8 ఆంపియర్లు. పికప్ ఇంత ఇవ్వలేదు. ఈ తేడాను బ్యాటరీ నుండి శక్తి తీసుకుని భర్తీ చేసేదే ఆంప్లిఫయర్.

మామూలు చెక్క గిటారుకు, అంటే అకౌస్టిక్ గిటారుకు, బ్రిడ్జి కింద పీజో అనే స్ఫటికపు పికప్ పెడతారు. ఒత్తిడి పడితే విద్యుత్ పుట్టడం దాని లక్షణం. చాలా గిటార్లలో దీనితో పాటు పక్క చెక్కలో 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ప్రీఆంప్ కూడా బిగించి ఉంటుంది.

1930లలో ఎలక్ట్రిక్ గిటార్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆంప్లిఫయర్లన్నీ వాల్వులవే. వాల్వులు వేడెక్కాలి, ఎక్కువ వోల్టేజి కావాలి, బరువు ఎక్కువ. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టాకనే తక్కువ వోల్టేజి ఆంప్లిఫయర్లు సాధ్యమయ్యాయి. 1973లో పిగ్‌నోస్ అనే చిన్న పెట్టె వచ్చింది. ఆరు పెన్సిల్ సెల్స్‌తో 5 వాట్లు ఇచ్చేది. చేత్తో పట్టుకుపోయే గిటార్ ఆంప్లిఫయర్లకు పేరు తెచ్చింది అదే.

మొదటి లెక్క: ఎక్కడ వాయిస్తారు? ఎంతమందికి?

కొనేవారు ముందుగా చూసేది వాట్లు. ఇక్కడే మోసం కూడా ఎక్కువ. కొన్ని పెట్టెల మీద పి.ఎం.పి.ఒ. అని వందలు, వేల వాట్లు వేస్తారు. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతి ఏదీ లేదు. దాన్ని పూర్తిగా వదిలేయండి. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎంతో అడగండి. అది రాసి లేని పెట్టెను పక్కన పెట్టండి.

ఇక ఆర్.ఎం.ఎస్. వాట్లు రెట్టింపు అయితే శబ్దం రెట్టింపు అవుతుందా? కాదు. మన చెవి సంవర్గమాన పద్ధతిలో వింటుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. అది చెవికి కొద్ది తేడాగా తెలుస్తుంది. శబ్దం రెట్టింపు అయినట్లు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. కాబట్టి 10 వాట్ల పెట్టెకూ 15 వాట్ల పెట్టెకూ ధరలో పెద్ద తేడా ఉంటే ఆ తేడా డబ్బు శబ్దానికి పనికిరాదు.

రెండో విషయం స్పీకరు. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో దాన్ని స్పీకరు సెన్సిటివిటీ అంటారు. చిన్న స్పీకర్లకు ఇది సుమారు 85 నుండి 90 వరకు, మంచి 12 అంగుళాల గిటార్ స్పీకర్లకు 97 నుండి 100 వరకు ఉంటుంది. పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల వాట్లతో సమానం. అంటే పెద్ద స్పీకరు ఉన్న 5 వాట్ల పెట్టె, చిన్న స్పీకరు ఉన్న 50 వాట్ల పెట్టెతో పోటీ పడగలదు.

మూడో విషయం దూరం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ చేద్దాం. స్పీకరు సెన్సిటివిటీ 90 అనుకుందాం. 3 వాట్లకు దాదాపు 5 డెసిబెల్స్ కలుస్తాయి. కాబట్టి:

1 మీటరు దగ్గర – 95 డెసిబెల్స్
2 మీటర్ల దగ్గర – 89
4 మీటర్ల దగ్గర – 83
8 మీటర్ల దగ్గర – 77
16 మీటర్ల దగ్గర – 71

నలుగురు మాట్లాడుకునే చప్పుడే 60, 65 డెసిబెల్స్ ఉంటుంది. పిల్లలతో నిండిన మైదానం అంతకన్నా ఎక్కువ. అందువల్ల 3 వాట్ల పెట్టె గదిలో సాధనకు, ఇంటి వాకిట్లో కేరల్స్ పాడడానికి బాగా సరిపోతుంది. హాస్టల్ ఆవరణలో వంద మంది చివరి వరుసకు అందదు. అదే సెన్సిటివిటీతో 50 వాట్లైతే 17 డెసిబెల్స్ కలుస్తాయి. ఒక మీటరు దగ్గర 107, పదహారు మీటర్ల దగ్గర 83. చివరి వరుసకు కూడా వినబడుతుంది. ఈ లెక్క మీరే వేసుకోండి. మీ మైదానం చివరికి ఎన్ని మీటర్లో అడుగులు వేసి కొలవండి. ఆ తర్వాతే ఎన్ని వాట్లు కావాలో తేలుతుంది.

రెండో లెక్క: ఎన్ని గంటలు నడుస్తుంది?

బ్యాటరీలో ఉన్న శక్తిని వాట్-గంటలలో కొలవాలి. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వస్తుంది. కొనేటప్పుడు మీకు ఎదురయ్యేవి మూడు రకాలు.

(1) పెన్సిల్ సెల్స్. రీచార్జబుల్ నికెల్ సెల్ ఒకటి 1.2 వోల్టులు, 2000 మిల్లీ ఆంపియర్-గంటలు అనుకుందాం. ఆరు సెల్స్ అయితే 1.2 × 2 × 6 = 14.4 వాట్-గంటలు. పెట్టె సగటున 1.2 వాట్లు తీసుకుంటే 12 గంటలు వస్తుంది. ఏ కిరాణా కొట్లోనైనా సెల్స్ దొరకడం దీనిలో పెద్ద లాభం.

(2) లెడ్ యాసిడ్ బ్యాటరీ. చక్రాలున్న ట్రాలీ స్పీకర్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ అంటే 84 వాట్-గంటలు. కానీ బ్యాటరీ ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. పైగా సగానికన్నా కిందికి తరచూ దించితే త్వరగా పాడవుతుంది. అందుకని 42 వాట్-గంటలే మనవి అనుకోవాలి. పెట్టె సగటున 15 వాట్లు తీసుకుంటే మూడు గంటలలోపే.

(3) లిథియం బ్యాటరీ. తేలిక, శక్తి ఎక్కువ. కానీ మిల్లీ ఆంపియర్ అంకె చూసి మురిసిపోకూడదు. అది సాధారణంగా 3.7 వోల్టుల దగ్గర చెప్పిన అంకె. 10000 అని రాస్తే 37 వాట్-గంటలన్నమాట. 

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఇ.ఎక్స్. అనే ఆంప్లిఫయర్ ఎనిమిది పెన్సిల్ సెల్స్‌తో 50 వాట్లు ఇస్తుంది. ఎనిమిది సెల్స్‌లో ఉండేది 19 వాట్-గంటలు. 50 వాట్లు నిరంతరం తీసుకుంటే అరగంట కూడా రాదు కదా? నిజమే. కానీ సంగీతంలో శబ్దం ఎప్పుడూ శిఖరం మీద ఉండదు. తీగ మీటిన క్షణంలో పైకి లేచి వెంటనే పడిపోతుంది. సగటు వాడకం శిఖరంలో కొద్ది వంతే. అందుకే గంటల తరబడి నడుస్తుంది. అయితే వాల్యూం పూర్తిగా పెంచి, డిస్టార్షన్ వేసి వాయిస్తే ఆ సగటు పెరిగి గంటలు తగ్గుతాయి. కంపెనీ చెప్పిన గంటలలో సగమే నమ్మి కార్యక్రమం వేసుకోవడం మంచిది.

పెట్టె లోపలి సర్క్యూట్‌కు కూడా దీనిలో పాత్ర ఉంది. క్లాస్ డి రకం ఆంప్లిఫయర్ బ్యాటరీ శక్తిలో 80 శాతం పైగా స్పీకరుకు చేర్చగలదు. పాత క్లాస్ ఎబి రకంలో వాస్తవ వాడకంలో సగం, అంతకన్నా ఎక్కువే వేడిగా పోతుంది. బ్యాటరీ పెట్టెకు క్లాస్ డి అని రాసి ఉంటే లాభమే.

ఖర్చు లెక్క కూడా వేద్దాం. పారేసే ఆల్కలైన్ సెల్ ఒకటి 30 రూపాయలు అనుకుంటే ఆరింటికి 180. పన్నెండు గంటలు వస్తే గంటకు 15 రూపాయలు. రోజుకు గంట సాధన చేస్తే నెలకు 450. రీచార్జబుల్ సెల్స్ ఆరు, చార్జరు కలిపి 1500 అయ్యాయనుకుందాం. తొమ్మిదోసారి సెల్స్ మార్చవలసిన సమయానికి ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. తర్వాత వందల సార్లు చార్జి చేసుకోవచ్చు. కాబట్టి పెట్టె ధరలో రీచార్జబుల్ సెల్స్ ధర కూడా కలిపి చందా వేసుకోండి.

మూడో లెక్క: పిన్ను పడితే సరిపోదు

చాలామంది గిటారు వైరును మైక్ సెట్టు సాకెట్లో గుచ్చి వాయిస్తారు. శబ్దం వస్తుంది కానీ మూగగా, పదును లేకుండా వస్తుంది. దీనికి కారణం నిరోధాలు. పికప్ నిరోధం 7000 ఓమ్‌లు అనుకుందాం. మైక్ ఇన్‌పుట్ నిరోధం 2000 ఓమ్‌లు అయితే వోల్టేజి విభజన సూత్రం ప్రకారం 2000/9000, అంటే 22 శాతం సిగ్నలే లోపలికి వెళుతుంది. హెచ్చు పౌనఃపున్యాలు ఇంకా ఎక్కువ పోతాయి. ఎందుకంటే కాయిల్ ప్రేరణ నిరోధం పౌనఃపున్యంతో పాటు పెరుగుతుంది. గిటార్ కోసం చేసిన ఇన్‌పుట్ నిరోధం సుమారు 10 లక్షల ఓమ్‌లు ఉంటుంది. అప్పుడు 99 శాతం లోపలికి వెళుతుంది. కాబట్టి పెట్టె మీద 'గిటార్' లేదా 'ఇన్‌స్ట్రుమెంట్' అని రాసిన లావు పిన్ను సాకెట్ ఉండాలి. ప్రీఆంప్ ఉన్న అకౌస్టిక్ గిటారుకు ఈ ఇబ్బంది తక్కువ.

గిటారు రకాన్ని బట్టి స్పీకరు కూడా మారుతుంది. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర, సన్న తీగ 330 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ స్పీకర్లు సుమారు 5000 హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని తగ్గించేస్తాయి. అదే వాటి అందం. అకౌస్టిక్ గిటారుకు, గొంతుకు ఆ పైనుండే శబ్దం కూడా కావాలి. అందుకు ట్వీటర్ అనే చిన్న స్పీకరు ఉండాలి. పాట, గిటారు రెండూ ఒకే పెట్టెలో రావాలంటే మైక్‌కు వేరే సాకెట్, వేరే వాల్యూం, ట్వీటర్ – ఈ మూడూ చూసుకోండి.

"ఇంట్లో బ్లూటూత్ స్పీకరు ఉంది, వైరు లేకుండా దానితో సరిపెట్టుకోవచ్చా?" అని కొందరు అడుగుతుంటారు. పాటలు వినడానికి సరే. వాయించడానికి పనికిరాదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుండి అయిదో వంతు వరకు ఆలస్యంగా వస్తుంది. శబ్ద వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 0.15 సెకన్ల ఆలస్యం అంటే మీ స్పీకరు 50 మీటర్ల అవతల ఉన్నట్లు లెక్క. అంత దూరం నుండి వచ్చే తాళానికి ఎవరూ డప్పు కలపలేరు.

కొన్ని నమూనాలు

పోల్చి చూడడానికి కొన్ని పెట్టెల వివరాలు ఇస్తున్నాను. కొనమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

మార్షల్ ఎం.ఎస్.-2: 1 వాట్, ఒక 9 వోల్టుల బ్యాటరీ. జేబులో పడుతుంది. సొంత సాధనకే.
బ్లాక్‌స్టార్ ఫ్లై 3: 3 వాట్లు, 3 అంగుళాల స్పీకరు, ఆరు పెన్సిల్ సెల్స్.
రోలాండ్ మైక్రో క్యూబ్ జి.ఎక్స్.: 3 వాట్లు, 5 అంగుళాల స్పీకరు, ఆరు పెన్సిల్ సెల్స్.
బాస్ కటానా మినీ: 7 వాట్లు, 4 అంగుళాల స్పీకరు, ఆరు పెన్సిల్ సెల్స్.
రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఇ.ఎక్స్.: 50 వాట్లు, రెండు 8 అంగుళాల స్పీకర్లు, ఎనిమిది పెన్సిల్ సెల్స్, మైక్‌లకు కూడా సాకెట్లు.

రెండో దాన్నీ మూడో దాన్నీ చూడండి. వాట్లు ఒకటే, స్పీకరు వేరు. ఇప్పుడు మీకు ఆ తేడా ఎందుకు ముఖ్యమో తెలుసు.

షాపులో చేయవలసిన పరీక్షలు

1. మీ గిటారు, మీ వైరు వెంట తీసుకెళ్ళండి.
2. ప్లగ్గు పీకి, బ్యాటరీ మీదనే వాయించి చూడండి. కొన్ని పెట్టెలు కరెంటు మీద ఒకలా, బ్యాటరీ మీద ఒకలా మోగుతాయి.
3. వాల్యూం పూర్తిగా పెంచి లావు తీగ మీటండి. పెట్టె గరగరమంటే దాని అసలు శక్తి అంతేనని అర్థం.
4. తీగలు మీటకుండా చెయ్యి పెట్టి వినండి. బుస్సుమనే శబ్దం ఎక్కువగా ఉండకూడదు.
5. షాపు బయటకు వెళ్ళి పదహారు పెద్ద అడుగుల దూరం నుండి స్నేహితుడు వాయిస్తుంటే వినండి.
6. బ్యాటరీ పాడైతే విడిగా దొరుకుతుందా, మార్చడం వీలవుతుందా అని అడగండి. లోపల అతికించేసిన బ్యాటరీ చచ్చిపోతే పెట్టె మొత్తం పోయినట్లే.
7. లిథియం బ్యాటరీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఐ.ఎస్. 16046 అనే అంకె ఉన్నాయేమో చూడండి.
8. బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేకపోతే గ్యారంటీ లేదు.

డబ్బు చాలకపోతే

ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సాధన పెట్టెను స్వయంగా చేసుకోవచ్చు. ఎల్.ఎం. 386 అనే ఎనిమిది కాళ్ళ చిప్ చాలా చవక. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరుకుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో 8 ఓమ్‌ల స్పీకరుకు అర వాట్ పైన ఇవ్వగలదు. ఉన్నది ఉన్నట్లు వాడితే సిగ్నల్‌ను 20 రెట్లు చేస్తుంది. 1, 8 నెంబరు కాళ్ళ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు చేస్తుంది. పాత రేడియో స్పీకరు, ఒక అట్టపెట్టె ఉంటే చాలు. స్టేజికి పనికిరాదు కానీ గదిలో సాధనకు సరిపోతుంది. చేసినవారికి ఆంప్లిఫయర్ పాఠం జన్మలో మరచిపోవడం ఉండదు.

కొన్నాక జాగ్రత్తలు

హాస్టళ్ళలో వస్తువులు ఎక్కువగా పాడయ్యేది వేసవి సెలవుల్లోనే. పెట్టెను ట్రంకులో పెట్టి తాళం వేసి వెళతాం. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే పూర్తిగా చార్జి చేసి ఇంటికి తీసుకెళ్ళండి. నెలకొకసారి మళ్ళీ చార్జి చేయండి. ఖాళీగా వదిలితే లోపలి పలకల మీద సల్ఫేటు పేరుకుని చచ్చిపోతుంది. లిథియం అయితే సగం చార్జిలో ఉంచి, ఎండ తగలని చోట పెట్టండి. పెన్సిల్ సెల్స్ అయితే తీసేయండి, లేకపోతే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. పాత సెల్స్, కొత్త సెల్స్ కలిపి వేయవద్దు. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఎట్టి పరిస్థితిలోనూ చార్జి చేయవద్దు, గుచ్చవద్దు. నిద్రపోయేటప్పుడు పరుపు మీద పెట్టి చార్జి చేయవద్దు. మన గదిలో పడుకునేది మనం ఒక్కరమే కాదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం లౌడ్ స్పీకరు వాడడానికి అధికారుల అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట వాడకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తారు. కేరల్స్‌కు వెళ్ళే బృందాలు ఇది గుర్తుంచుకోవాలి. పది దాటాక పెట్టె ఆపి నోటితోనే పాడండి. మన పాట వల్ల మన వాడకు మాట రాకూడదు. చెవుల సంగతి కూడా మరువకండి. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో గంటల తరబడి ఉంటే వినికిడి తగ్గుతుంది. పెట్టెకు హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే పరీక్షల రోజుల్లో పక్క మంచం వాడికి ఇబ్బంది ఉండదు. అందులోనూ వాల్యూం తగ్గించే ఉంచండి.

చివరిగా ఒక మాట. సంవర్గమానాలు, ఓమ్ నియమం, వోల్టేజి విభజన – ఇవన్నీ మార్కుల కోసమే అనుకుని బట్టీ పడతాం. షాపు కౌంటరు ముందు నిలబడి "ఆర్.ఎం.ఎస్. ఎంత? బ్యాటరీ ఎన్ని వాట్-గంటలు? ఇన్‌పుట్ నిరోధం ఎంత?" అని మీరు అడిగిన రోజు అవి మీ సొంతమవుతాయి. అలా అడిగే కుర్రవాణ్ణి, అమ్మాయిని చూసి షాపు వాడు కుర్చీ వేస్తాడు. పెట్టె కొనే వరకు ఈ సంచికను దాచుకోండి. మీ మైదానం కొలత, మీ చందా మొత్తం, మీరు వాయించే గంటలు ఒక కాగితం మీద రాసుకుని, లెక్క వేసుకుని వెళ్ళండి.

 వచ్చే హాస్టల్ డే నాటికి కరెంటు పోయినా మీ పాట చివరి వరుస వరకు వినబడాలని కోరుకుంటున్నాను.